బయోకెమిస్ట్రీ పోస్ట్‌డాక్: చేరకముందే బయటికొచ్చే దారి చూసుకోండి

పీహెచ్‌డీ వైవా అయిన సాయంత్రం మా పెద్దనాన్న ఫోన్ చేశారు. "డాక్టరమ్మవైపోయావంటగా! మరి ఉద్యోగం ఎక్కడమ్మా?" జర్మనీలో పోస్ట్‌డాక్ వచ్చిందని చెప్పాను. కాసేపు ఆగి అడిగారు: "పర్మనెంటేనా?"

కాదు, రెండేళ్ల కాంట్రాక్టు, నిధులుంటే ఇంకో ఏడాది పొడిగిస్తారు అన్నాను. "ఆహా" అన్నారు. ఆ ఆహాకి ఆ రోజు నాకు ఒళ్లు మండింది. తర్వాత మూడేళ్లు పోస్ట్‌డాక్ చేశాను, ఫ్యాకల్టీ ఇంటర్వ్యూల చుట్టూ తిరిగాను, చివరికి శామీర్‌పేట వైపు ఒక కంపెనీలో ప్రొటీన్ల పనిలో కుదురుకున్నాను. ఏటా నలుగురైదుగురు జూనియర్లకు సీవీలు దిద్దిపెడుతుంటే ఇప్పుడు తెలుస్తోంది, ఆయన అడగాల్సిందే అడిగారని. పోస్ట్‌డాక్ కుర్చీ ఎవరికీ పర్మనెంట్ కాదు. అందుకని లేచేటప్పుడు చేతిలో ఏముంటుందో కూర్చునే ముందే లెక్కేసుకోవాలి. ఈ వ్యాసమంతా ఆ లెక్కే.

ముందుగా: అసలు చేయాలా?

పీహెచ్‌డీ అయ్యాక మరొకరి ల్యాబులో, ఆ ల్యాబు నడిపే పీఐ గ్రాంటు మీదో సొంత ఫెలోషిప్ మీదో, రెండు నుంచి ఐదేళ్లు చేసే పరిశోధనే పోస్ట్‌డాక్. ఐసర్‌లోనో (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) ఐఐటీలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఇది తప్పదు. మొదటి గ్రేడు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ల అనుభవం అడుగుతారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో సొంత గ్రూపు నడపాలన్నా దారి ఇదే.

కంపెనీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు లెక్క వేరు. కొత్త మందుల వెతుకులాట, యాంటీబాడీ ఇంజినీరింగ్, స్ట్రక్చరల్ బయాలజీ పనులకు మంచి పోస్ట్‌డాక్ బాగా పనికొస్తుంది. క్వాలిటీ కంట్రోల్, అనలిటికల్, రెగ్యులేటరీ పనులకైతే ఆ మూడేళ్లూ కంపెనీలోనే గడపడం మేలు. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే దీని జోలికి వెళ్లక్కర్లేదు. ఇంకేం చేయాలో తోచక చేరేవాళ్లే ఎక్కువమందిని చూశాను. నేనూ సగం అలాగే చేరాను.

ఈ దారి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. మనలో చాలామంది ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసిన 'ఫిస్క్-సుబ్బారావు' అదే. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే దొరికాయి. అంతా చేసినా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. 1948లో కన్నుమూసేలోపు ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, కేన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు దారితీసిన పని ఆయన నడిపించిన బృందాల నుంచే వచ్చాయి. కంపెనీకి వెళ్తే సైన్సు వదిలేసినట్టేనని ఎవరైనా అంటే నేను చెప్పే కథ ఇది.

మొదటి అడుగు: ఏడాదిన్నర ముందే కదలండి

థీసిస్ సమర్పించాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. ఫెలోషిప్ దరఖాస్తు రాయడానికే రెండు మూడు నెలలు పడుతుంది. ఫలితానికి ఐదారు నెలలు, వీసాకు మరికొంత. వెనక్కి లెక్కేస్తే సమర్పణకు ఏడాది, ఏడాదిన్నర ముందే మొదలుపెట్టాలని తేలుతుంది.

ఈ కాలంలో మొదటి పేరు మీదైన పేపరు ఒక్కటైనా బయటికి రావాలి. జర్నల్లో నలుగుతుంటే కనీసం బయోఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ప్రీప్రింట్‌గా, అంటే జర్నల్లో రాకముందే అందరూ చదివేలా, పెట్టండి. గైడు ఒప్పుకోకపోతే బతిమాలైనా ఒప్పించండి. "మాన్యుస్క్రిప్ట్ అండర్ ప్రిపరేషన్" అని సీవీలో రాస్తే ఎవరూ నమ్మరు, ఎందుకంటే వాళ్లూ ఒకప్పుడు అలాగే రాశారు.

తర్వాత తేల్చుకోవాల్సింది, ఏం మార్చుకోవాలన్నది. నేను అందరికీ చెప్పేది ఒకటే: ప్రశ్నను మార్చండి, లేదంటే పద్ధతిని మార్చండి, రెండూ ఒకేసారి మార్చకండి. పీహెచ్‌డీలో ఒక కైనేజ్ (ఫాస్ఫేట్‌ను అతికించే ఎంజైము) మీద కైనెటిక్స్, అంటే ఎంజైము వేగాల లెక్క, చేశారనుకుందాం. అదే కుటుంబపు ప్రొటీన్లను క్రయో-ఈఎమ్‌లో (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసే పద్ధతి) చూడటానికి వెళ్తే పాత తెలివి కొత్త యంత్రానికి ఆసరా అవుతుంది. మీ కైనెటిక్స్ తీసుకుని క్షయ బాక్టీరియా ఎంజైముల ల్యాబుకు వెళ్లినా అంతే. రెండూ మార్చేస్తే కొత్తవి నేర్చుకునేలోపే కాంట్రాక్టు అయిపోతుంది. ఏదీ మార్చకపోతే రేపు సెలక్షన్ కమిటీలో "ఇది మీ గైడుగారి పనే కదమ్మా?" అని అడుగుతారు.

పైథాన్ కాస్తయినా నేర్చుకోండి. 2024లో కెమిస్ట్రీ నోబెల్ కంప్యూటర్‌తో ప్రొటీన్ల ఆకృతి అంచనా వేసినవాళ్లకు, కొత్త ప్రొటీన్లు డిజైన్ చేసినవాళ్లకు వచ్చింది. ఆ డిజైన్లను ఎవరో ఒకరు బాక్టీరియాలో పెంచి, శుద్ధిచేసి, పనిచేస్తుందో లేదో చూడాలిగా. రెండు వైపులా మాట్లాడగలిగేవాళ్లకే ఇప్పుడు గిరాకీ.

రెండో అడుగు: పీఐ పేజీ కన్నా పాతవాళ్ల పేజీ ముఖ్యం

ల్యాబు వెబ్‌సైట్ తెరవగానే అందరూ పేపర్లు చూస్తారు. నేనైతే ముందు పాత సభ్యుల జాబితా చూస్తాను. గత ఏడెనిమిదేళ్లలో అక్కడ పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? సొంత ల్యాబులు పెట్టుకున్నారా, కంపెనీల్లో ఉన్నారా, మాయమైపోయారా? పేపర్లలో మొదటి పేర్లు వేర్వేరు మనుషులవా, లేక ఒకరిద్దరివే మళ్లీ మళ్లీ వస్తున్నాయా? జాబితాయే లేని ల్యాబంటే నాకు కొంచెం భయం.

పెద్ద పేరున్న ల్యాబా, కొత్తగా పెట్టిన ల్యాబా అని చాలామంది అడుగుతారు. పెద్ద ల్యాబులో యంత్రాలుంటాయి, పేరుంటుంది, పీఐ మాత్రం నెలకోసారి కనబడతారు. అక్కడ నెగ్గాలంటే ఎవరూ చెప్పకుండానే పని నడిపించుకునే గుణం ఉండాలి. కొత్త ల్యాబులో పీఐ మీ పక్క బెంచీ మీదే పిపెట్ పట్టుకుని ఉంటారు. బాగా నేర్పుతారు. కానీ ఆయన కెరీరూ మీ కెరీరూ ఒకే పేపరు మీద ఆధారపడితే ఆ పేపరు ఎవరిదన్న పేచీ వస్తుంది. నా ఓటు మధ్యలోవాళ్లకు: ల్యాబు పెట్టి ఏడెనిమిదేళ్లై, ఇద్దరు ముగ్గురిని సాగనంపిన పీఐకి.

మానేసి వెళ్లినవాళ్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి. ఈమెయిల్‌లో ఎవరూ నిజం రాయరు. "ల్యాబు ఎలా ఉంటుంది?" అని అడిగితే "బాగుంటుంది" అంటారు. అలా కాకుండా "మీ చివరి పేపరు రాయడం మొదలుపెట్టాక సమర్పించడానికి ఎన్నాళ్లు పట్టింది?" అని అడగండి. రెండు నెలలు అన్నారా, మంచి ల్యాబే. రెండేళ్లు అని నిట్టూర్చారా, ఇంకో ల్యాబు చూసుకోండి.

మూడో అడుగు: ఈమెయిల్

మన దగ్గర నుంచి వెళ్లే ఈమెయిళ్లలో సగం "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, "యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" మీదుగా సాగి, పేరు మార్చి వందమందికి పంపగలిగేలా ఉంటాయి. సర్ అన్న ఆ పీఐ ఆడమనిషైన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ నేరుగా చెత్తబుట్టకే.

పనిచేసే ఈమెయిల్ ఫోను తెరమీద ఒక్క చూపులో అయిపోవాలి. మొదటి వాక్యంలో మీరెవరు, ఎప్పటికి ఖాళీ అవుతారు. రెండో దాంట్లో పీహెచ్‌డీలో కనుక్కున్న ఒకే ఒక్క సంగతి, అంకెతో సహా: ఫలానా మ్యుటేషన్ వల్ల ఎంజైము వేగం ఇన్ని రెట్లు పడిపోయింది, కారణం ఇది. మూడో దాంట్లో వాళ్ల ఇటీవలి పేపరులో మీకు తెగని ఒక ప్రశ్న, దాన్ని మీరు ఎలా పరీక్షిస్తారో ఒక మాట. చివర్లో ఏ ఫెలోషిప్‌కు ఏ గడువులోగా దరఖాస్తు చేయాలనుకుంటున్నారో చెప్పండి. ఈ ఆఖరి వాక్యం చాలామంది వదిలేస్తారు. పీఐ కళ్లు ఆగేది అక్కడే, ఎందుకంటే జీతం తన గ్రాంటులోంచి వెళ్లకపోవచ్చని ఆ వాక్యమే చెబుతుంది. సీవీ రెండు పేజీలు, పీడీఎఫ్‌లో. రెండు వారాలకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి.

నేను పందొమ్మిది పంపాను. ఆరు జవాబులు, మూడు ఇంటర్వ్యూలు, ఒక ఆఫర్. బతుకుతెరువుకు సరిపోయింది.

నాలుగో అడుగు: ఇంటర్వ్యూలో అడగాల్సింది మీరే

మీ సెమినార్ నలభై నిమిషాలు అనుకుంటే మొదటి పది నిమిషాలు పక్క గ్రూపు విద్యార్థికీ అర్థం కావాలి. పని చేయని ప్రయోగం ఒకటి స్లైడులో పెట్టండి, ఎందుకు చేయలేదో ఎలా కనుక్కున్నారో చెప్పండి. దాన్నే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటారు.

అసలు పని తర్వాత ఉంటుంది. పీఐతో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న అడగాలి: "ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఏ ప్రాజెక్టు నాతో తీసుకెళ్లొచ్చు?" మనవాళ్లకు నోరు రాదు, ఉద్యోగం ఇవ్వకముందే వెళ్లడం గురించి అడగడమేంటని. అద్దె ఇంట్లో దిగేటప్పుడు మా అమ్మ గులాబీ మొక్కను నేలలో పాతేది కాదు, కుండీలో పెట్టేది. ఖాళీ చేసే రోజు కుండీతో సహా ఆటో ఎక్కించేది. పోస్ట్‌డాక్ ప్రాజెక్టూ అలాగే కుండీలో పెరగాలి. పీఐ ప్రధాన ప్రశ్నకు ఆనుకుని, దాంట్లో కలిసిపోకుండా ఒక పక్క కొమ్మ మీదై ఉండాలి. మంచి పీఐలు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. "అది అప్పుడు చూద్దాంలే" అన్నారంటే మాత్రం జవాబు వచ్చేసినట్టే.

ఒప్పుకున్నాక ఆ మాటను మర్యాదగా ఈమెయిల్‌లో రాసి పంపండి. "మనం మాట్లాడుకున్నట్టు..." అని మొదలెడితే చాలు.

ఐదో అడుగు: డబ్బు

దేశంలోనే చేస్తే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న కేంద్ర రేట్ల ప్రకారం రీసెర్చ్ అసోసియేట్ (ఆర్‌ఏ, మన దగ్గర పోస్ట్‌డాక్ పోస్టు పేరు) మొదటి మెట్టుకు నెలకు 58,000, మూడో మెట్టుకు 67,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. కాగితం మీద బాగానే ఉంటుంది. ప్రాజెక్టు డబ్బు ఢిల్లీ నుంచి ఆలస్యమైతే మూడు నాలుగు నెలల జీతం ఒకేసారి పడుతుంది. కనీసం నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే చేరండి. ఆర్‌ఏలకు ప్రసూతి సెలవు ఉంటుంది. తెలియక అడగని అమ్మాయిలు ఉన్నారు, అడగండి.

సొంత ఫెలోషిప్పుల్లో డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) ఆర్‌ఏ ఒకటి. నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లది, 35 ఏళ్లలోపువాళ్లకు. ఒకప్పుడు ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది, ఇప్పుడది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కింద ఉంది. ఇండియా అలయన్స్ వాళ్ల ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఐదేళ్లు, పరిశోధన ఖర్చులతో సహా. వాళ్ల ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. ఇంటర్వ్యూ మాత్రం చెమటలు పట్టిస్తుంది. ఇది వస్తే పీఐ దగ్గర మీ మాటకు బరువు పెరుగుతుంది.

యూరప్‌కు వెళ్లేవాళ్లకు మూడు పెద్ద తలుపులు. ఎంబో (యూరప్ జీవశాస్త్రజ్ఞుల సంస్థ) ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ వచ్చిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఎనిమిదేళ్ల వరకు వీలుంది. కానీ గడువు తేదీకి ముందు మూడేళ్లలో ఆ దేశంలో పన్నెండు నెలలకు మించి ఉండకూడదు. "ముందు చేరిపోదాం, తర్వాత రాద్దాం" అనుకుని అర్హత పోగొట్టుకున్నవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. జర్మనీ అయితే హంబోల్ట్ కూడా ఉంది, పీహెచ్‌డీ తర్వాత నాలుగేళ్ల వరకు. ఫెలోషిప్ లేకుండా ల్యాబు జీతం మీద చేరితే అక్కడి ప్రభుత్వ వేతన పట్టికలో ఈ13 మెట్టు ఇస్తారు, అది బేరమాడే విషయం కాదు. పీహెచ్‌డీ తర్వాత ఆరేళ్లకు మించి యూనివర్సిటీలో తాత్కాలిక కాంట్రాక్టుల మీద ఉంచకూడదన్న చట్టం కూడా అక్కడుంది. గడియారం మొదటి రోజే మొదలవుతుంది.

అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కు పెట్టిన కనీస స్టైపెండ్ ఏడాదికి 61,008 డాలర్లు. చాలా యూనివర్సిటీలు దాన్నే కొలమానంగా పెట్టుకుంటాయి. బోస్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో సగం అద్దెకే పోతుంది. అక్కడి ఎఫ్32 ఫెలోషిప్ మనకు రాదు, పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. కే99 అనే గ్రాంటు మాత్రం విదేశీయులకూ ఇస్తారు. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే అడగాలి. అది వస్తే మొదటి దశ పీఐ దగ్గర, రెండో దశ డబ్బు మీ సొంత ఫ్యాకల్టీ ఉద్యోగానికి వెంట వస్తుంది. కుండీ అంటే ఇదే.

వీసా సంగతి క్లుప్తంగా. అమెరికా జే-1 వీసాలో పరిశోధకులకు ఐదేళ్ల వరకు వీలుంది. మన వాళ్లకు తలనొప్పిగా ఉండే 'రెండేళ్లు స్వదేశంలో ఉండాలి' అన్న షరతు జాబితా నుంచి భారత్‌ను 2024 డిసెంబరులో తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్తే మాత్రం ఆ షరతు ఇంకా తగలొచ్చు. వీసా నిబంధనలు ఊసరవెల్లి రంగుల్లా మారుతుంటాయి, వెళ్లే వారం మళ్లీ చూసుకోండి.

ఆరో అడుగు: మొదటి మూడు నెలలు

ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

నేను చేరిన ల్యాబు పని ఫాస్ఫటేజులు, అంటే ప్రొటీన్ల మీది ఫాస్ఫేట్‌ను తెంచే ఎంజైములు. చేరిన వారంలో ఒక సీనియర్ మైనస్ 80 ఫ్రీజరులోంచి ఒక ప్లాస్మిడ్ ట్యూబు, అంటే జీన్‌ను మోసే డీఎన్‌ఏ ఉన్నది, తీసి చేతిలో పెట్టాడు. మూత మీద జీన్ పేరు, పక్కన '2'. అంతే. బీఎల్21 బాక్టీరియా కణాల్లో వేశాను, ప్రొటీన్ తయారీని మొదలెట్టే ఐపీటీజీ ఇచ్చి రాత్రంతా పద్దెనిమిది డిగ్రీల దగ్గర పెంచాను, శుద్ధికి నికెల్ కాలమ్ మీద పట్టాను, జెల్ ఫిల్ట్రేషన్ చేశాను. కోల్డ్‌రూమ్‌లో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని తెర చూస్తుంటే ఒకే ఒక్క శిఖరం, గుడి గోపురంలా. జెల్ మీద ఒకే ఒక్క గీత, ఉండాల్సిన చోటే. ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆ తర్వాత యాక్టివిటీ చూశాను. మాలకైట్ గ్రీన్ పరీక్షలో ఫాస్ఫేట్ విడుదలైతే పసుపు ద్రావణం ఆకుపచ్చగా మారాలి. ప్లేటు పసుపుగానే ఉండిపోయింది. బఫర్ మార్చాను, పీహెచ్ మార్చాను, డీటీటీ అనే రసాయనం కొత్తది వేశాను, సబ్‌స్ట్రేట్ (ఎంజైము పనిచేసే పదార్థం) మూడు కంపెనీల నుంచి తెప్పించాను. నాలుగు నెలలు. పీఐ ముందు తల ఎత్తలేకపోయాను. మన సుబ్బారావుగారు వందేళ్ల కిందట వాడిన ఫాస్ఫోమాలిబ్డేట్ కెమిస్ట్రీయే ఇదీ. ఆయన చేతిలో నీలం తిరిగిన ద్రావణానికి నా చేతిలో కనీసం రంగు మారాలని కూడా లేదు.

ఐదో నెలలో ఎవరో మాస్ స్పెక్ట్రోమెట్రీకి వేరే శాంపిల్స్ పంపుతుంటే నాదీ ఒకటి వేయమన్నాను. ప్రొటీన్ బరువు ఉండాల్సినదాని కన్నా 16 డాల్టన్లు (అణువుల బరువు కొలత) తక్కువ వచ్చింది. ప్రొటీన్ గొలుసులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట సెరీన్ ఉంటే సరిగ్గా అంత తేడా వస్తుంది. ఈ రకం ఫాస్ఫటేజులకు ప్రాణం యాక్టివ్ సైట్‌లోని (ఎంజైము పనిచేసే చోటు) ఆ ఒక్క సిస్టీన్. దాన్ని సెరీన్ చేస్తే సబ్‌స్ట్రేట్‌ను పట్టుకుంటుంది, తెంచదు. ఎవరో పాత విద్యార్థి సబ్‌స్ట్రేట్‌ను ఇరికించి పట్టుకోవడానికే ఆ మ్యూటెంట్ చేసుకుని '2' అని రాసుకున్నాడు. జెల్ మీద 16 డాల్టన్లు ఏ కంటికీ కనిపించవు.

అందుకే మొదటి వారంలోనే చేతికొచ్చిన ప్రతి ప్లాస్మిడ్‌నూ మొత్తంగా సీక్వెన్స్ చేయించండి. పోగొట్టుకునే నెలలతో పోలిస్తే ఆ ఖర్చు పెద్దదేం కాదు. మొదటి ప్రొటీన్ బ్యాచ్ బరువు మాస్ స్పెక్‌లో చూడండి. కొత్త ప్రశ్న ముట్టుకునే ముందు ల్యాబులో ఇప్పటికే అచ్చయిన ఒక గ్రాఫును మీ చేత్తో మళ్లీ గీయండి. అది రాకపోతే లోపం మీదో, ఫ్రీజరుదో ముందు తేల్చండి. పాజిటివ్ కంట్రోల్ (పనిచేస్తుందని ముందే తెలిసిన నమూనా) లేని ప్రయోగం మీద నాలుగు నెలలు తిరిగిన నా మాట నమ్మండి.

రెండు ప్రాజెక్టులు పెట్టుకోవడమూ ఇప్పుడే. ఒకటి ఏడాదిలో ఖచ్చితంగా పేపరయ్యేది, చిన్నదైనా సరే. రెండోది కుండీ మొక్క. వారంలో మూడున్నర రోజులు మొదటిదానికి, ఒకటిన్నర రోజు రెండోదానికి. శనివారాలు ఎవరికి ఇస్తారో మీ ఇష్టం. నేనైతే నిద్రకిచ్చాను.

ఏడో అడుగు: రెండో ఏడాది, మాటలన్నీ కాగితం మీదకు

పేపరులో పేర్ల వరుస పని సగంలో ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. పని అయ్యాక మాట్లాడితే అలక, ముందే మాట్లాడితే ఒప్పందం. సమష్టి ఫస్ట్ ఆథర్ అయితే ఎవరి పేరు ముందో కూడా.

మీకు ముగ్గురి రికమండేషన్లు కావాలి, ఆ ముగ్గురూ మీ పని చూసినవాళ్లై ఉండాలి. పీహెచ్‌డీ గైడు, ఇప్పటి పీఐ సరే, మూడో మనిషిని ఇప్పటి నుంచే పెంచుకోవాలి. పక్క బిల్డింగులో మీతో కలిసి ఐటీసీ (అణువులు అతుక్కునేటప్పటి వేడి కొలిచే పద్ధతి) చేసిన ప్రొఫెసరో, సదస్సులో మీ పోస్టరు ముందు అరగంట నిలబడినావిడో. ఏడాదికోసారి నాలుగు లైన్ల కబురు పంపుతుండండి. అవసరం పడ్డప్పుడే గుర్తొచ్చేవాళ్ల ఉత్తరాలు ఎంత చప్పగా ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఎనిమిదో అడుగు: మూడో ఏడాది మొదట్లోనే దారి తేల్చుకోండి

ఫ్యాకల్టీ అనుకుంటే దరఖాస్తుకు అసలు ప్రాణం ఐదు పేజీల పరిశోధన ప్రణాళిక. "నేను ఇప్పటిదాకా ఇది చేశాను" అన్నది ఒక్క పేజీ దాటకూడదు. మిగతాది, అక్కడ ఏ యంత్రాలతో, ఎంత డబ్బుతో, మొదటి విద్యార్థికి ఏ పని ఇస్తారన్నది. తిరుపతిలో 2015లో, బరంపురంలో 2016లో మొదలైన ఐసర్లూ, అలాగే ఐఐటీలూ ఏడాది పొడుగునా దరఖాస్తులు తీసుకుంటుంటాయి. దరఖాస్తుకూ పిలుపుకూ మధ్య ఏడాది గడవడం మామూలే. "మాకు క్రయో-ఈఎమ్ లేదు, మరి ఏం చేస్తావ్?" అన్న ప్రశ్న నన్ను రెండు చోట్ల అడిగారు. మొదటి చోట నీళ్లు నమిలాను. రెండో చోటికి వెళ్లేటప్పటికి జవాబు సిద్ధం చేసుకున్నాను: ఏ సంస్థలో గంటల లెక్కన వాడుకోవచ్చు, అది దొరికేదాకా ఇక్కడే కైనెటిక్స్‌తో ఏ ప్రశ్న తేలుతుంది. అక్కడ వెయిటింగ్ లిస్టు దాకా వెళ్లాను.

తిరిగొచ్చేవాళ్లకు వంతెనల్లాంటి ఫెలోషిప్పులున్నాయి, ఐదేళ్లేసి. రామానుజన్ ఫెలోషిప్ నెలకు 1,35,000 రూపాయలు, విదేశాల్లో ఉన్న 40 ఏళ్లలోపు భారతీయులకు. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ 1,25,000, ఏటా ఏడు లక్షల పరిశోధన నిధితో, సాధారణంగా 32 ఏళ్లలోపు, సడలింపులున్నాయి. డీబీటీ వాళ్ల రామలింగస్వామి ఫెలోషిప్ మూడోది. ఆ పేరు మన శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామిగారిది. వీటన్నిటిలో ఒక మెలిక: ఐదేళ్లయ్యాక ఆ సంస్థ మిమ్మల్ని ఉంచుకోవాలన్న హామీ లేదు. చేరేముందే డైరెక్టరును అడగండి, గతంలో ఇలా చేరినవాళ్లలో ఎందరు నిలిచారని. పెద్దనాన్న ప్రశ్నే, కాస్త మర్యాదగా.

కంపెనీ అనుకుంటే సీవీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. పేపర్ల జాబితా చివరికి పోతుంది. ముందుకు రావాల్సింది ఇలా ఉంటుంది: లీటరు కల్చర్‌కు ప్రొటీన్ దిగుబడి ఇంత నుంచి ఇంతకు పెంచాను, ఇన్ని కాంపౌండ్లను 384 గుంతల ప్లేట్లలో పరీక్షించే అస్సే కట్టాను, ఇద్దరు విద్యార్థులకు పని నేర్పాను. జీనోమ్ వ్యాలీలో, బెంగళూరులో వ్యాక్సిన్, బయోసిమిలర్, కాంట్రాక్టు రీసెర్చి కంపెనీలు అడిగేది ఈ అంకెలే. నా ఇంటర్వ్యూలో ఒకాయన నేచర్ కుటుంబపు జర్నల్లో వచ్చిన నా పేపరును పక్కకు నెట్టి, "ఒక ఎంజైము ప్రిప్ చెడిపోతే ఎలా కనుక్కుంటారు?" అని అడిగారు. 16 డాల్టన్ల కథ మొత్తం చెప్పాను. ఆఫర్ ఆ కథకే వచ్చిందని నా నమ్మకం. ఒక జాగ్రత్త: కంపెనీలు పోస్ట్‌డాక్ ఏళ్లను పూర్తి అనుభవంగా లెక్కేయవు, జీతం మాట్లాడేటప్పుడు సగానికి కోస్తారు. అంతకన్నా తగ్గితే గట్టిగా నిలబడండి.

ఇవి రెండే అనుకోకండి. మాస్ స్పెక్ లేదా మైక్రోస్కోపీ సదుపాయాలు నడిపే పర్మనెంట్ పోస్టులు, జర్నల్ ఎడిటర్లు, పేటెంట్ ఏజెంట్లు ఉన్నారు. పేటెంట్ ఏజెంట్ పరీక్షకు సైన్స్ డిగ్రీ ఉంటే చాలు. మా బ్యాచ్‌లో అందరికన్నా హాయిగా ఉన్నది ఆ పరీక్ష రాసినావిడే.

ఆఖరి వారం

ఆఖరి నెల ప్రయోగాలు చేయకండి, సర్దుకోండి. వెంట తీసుకెళ్లే ప్లాస్మిడ్లకు, కణాలకు మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకోండి. రికార్డు పుస్తకాలు ల్యాబువే, కాపీకి అనుమతి రాతలో తీసుకోండి. చేరేముందు ప్రాజెక్టు గురించి రాసుకున్న ఆ పాత ఈమెయిల్‌ను పీఐకి మళ్లీ పంపి, ఎవరు ఏం చేస్తారో ఒక పేజీలో తేల్చుకోండి.

నేను వచ్చేసే ముందు రెండు రోజులు ఫ్రీజరు ముందే కూర్చున్నాను, చేతులు మొద్దుబారుతుంటే జేబుల్లో పెట్టుకుంటూ. ప్రతి ట్యూబు మీదా జీన్ పేరు, మ్యుటేషన్, వెక్టరు, తేదీ, నా పొట్టి సంతకం. ఆ '2' ట్యూబు అట్టడుగు పెట్టెలో ఇంకా ఉంది. దాని మీద పాత రాత తుడిచి, ఎర్ర మార్కరుతో రాశాను: 'సిస్టీన్ బదులు సెరీన్. చచ్చిన ఎంజైము. యాక్టివిటీ చూడకు.'